పాత పెట్రోలు పంపులు - మరుగుపడిన పేర్లు

పాత నాణెములను, తపాలా బిళ్లలను సేకరించువారిని మనమెరుగుదుము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో పాత పెట్రోలు పంపులను సేకరించువారును పెక్కుమంది కలరు. నిలువెత్తు ఇనుప యంత్రమును ఇంటికి దెచ్చి నిలుపుకొనుట వింతగా తోచవచ్చును. అయినను ఈ అభిరుచిలో ఒక చరిత్ర పరిశోధన ఇమిడియున్నది. దానినే శ్రోతలకు వివరింపదలచితిమి.

1885లో ఇండియానా రాష్ట్రమందలి ఫోర్ట్ వేన్ పట్టణమున సిల్వానస్ బౌసర్ అనునతడు కిరసనాయిలు తోడెడి పంపు నొకదానిని చేసి ఒక కిరాణా వర్తకునికి అమ్మెను. మోటారు కార్లు వచ్చిన పిదప ఇట్టి పంపులే పెట్రోలునకును ఉపయోగపడెను. అయితే ఇనుప పెట్టెనుండి వచ్చు పెట్రోలు ఎంతయో, ఎట్టిదో కొనువానికి కనబడదు. ఈ సందేహమును తీర్చుటకై పంపు పైభాగమున పెద్ద గాజు పాత్రను అమర్చిరి. బంకు మనిషి చేతి మీటను ఆడించి భూమిలోని తొట్టినుండి పెట్రోలును ఆ పాత్రలోనికి ఎక్కించును. గాజుపై గాలనుల గుర్తులుండును. కొనువాడు చూచుచుండగనే, కావలసినంత పెట్రోలు తన బరువుచేతనే గొట్టమువెంట కారులోనికి దిగును. 1920వ దశకమున ఇట్టి పంపులు విరివిగా వాడుకలో నుండెను. 1930వ దశకమున, కొలతను వెలను తామే లెక్కకట్టి చూపు పంపులు రాగా గాజుపాత్రలతో పనిలేకపోయెను.

పంపును చేసిన కంపెనీ వేరు, పెట్రోలును అమ్మిన కంపెనీ వేరు. పెట్రోలు పేరు పంపు కొనయందు దీపముతో వెలుగు గాజుగోళముపై నుండెడిది. 1911లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుచే స్టాండర్డ్ ఆయిల్ సంస్థ 34 కంపెనీలుగా చీలెను. ఇవిగాక, ఒకటి రెండు రాష్ట్రములకే పరిమితమైన చిన్న కంపెనీలు పెక్కులు వెలసెను. కాన్సాస్ రాష్ట్రమున పుట్టిన వైట్ ఈగిల్ వారు గోళమునకు బదులు తెల్లని గాజు గ్రద్దనే నిలిపిరి. 1930లో ఆ సంస్థను న్యూయార్కు స్టాండర్డ్ కంపెనీ కొనెను. లాస్ ఏంజెలెస్ నగరపు గిల్మోర్ వారి గుర్తు సింహము. రాస్కో టర్నర్ అను వైమానికుడు వారి ప్రచారమునకై ఒక సింహపు పిల్లను విమానములో వెంటబెట్టుకొని తిరిగెను. దానికొక పారాచూటు కూడ నుండెను! 1940వ దశకమున గిల్మోర్ సంస్థను సొకొనీ-వాక్యూమ్ కంపెనీ తనలో కలుపుకొనెను.

గిల్మోర్ కథను సింహమైనను గుర్తుచేయును. నాలుగైదు ఊళ్లలో మాత్రమే అమ్మిన కంపెనీల సంగతి అట్లు కాదు. వానికై పరిశోధకులు పట్టణ వర్తకుల జాబితాలను, పాత పత్రికలలోని ప్రకటనలను, కంపెనీలు ఉచితముగా పంచిన రహదారి పటములను వెదకి ఒకదానితో నొకటి సరిచూతురు. పంపునకు బిగించిన రేకుపై తయారుచేసినవారి పేరు, వరుస సంఖ్య ఉండును. అది పంపు వయస్సును తెలియుటకు తోడ్పడును గాని అందులో ఎవరి పెట్రోలు పోసిరో చెప్పదు. ఆ పేరు తరచుగా రంగుపొరల క్రింద దాగియుండును.

చిక్కంతయు ఇక్కడనే కలదు. పేరొందిన గుర్తుగల పంపునకు గిరాకి హెచ్చు. కనుక కొందరు పాత రంగు గీకివేసి, క్రొత్తగా పోతపోసిన గోళమును తగిలించి, ప్రసిద్ధ కంపెనీ పేరును వేయుదురు. యంత్రము అద్దమువలె మెరయును. కాని ఆ పల్లె బంకులో ఎవరి పెట్రోలు అమ్ముడుపోయెనో చెప్పగల సాక్ష్యము గరుకు కాగితపు పొడిలో కలసిపోవును. అందుచే జాగరూకులైనవారు మొదట ఛాయాచిత్రములు దీసి, పంపు ఎక్కడ దొరికెనో వ్రాసికొని, రంగును పొరపొరగా పరిశీలించి, ఆ తరువాతనే పనికి పూనుకొందురు. అక్షరములు మిగిలియున్నచో వెలిసిన రంగునే ఉంచివేయువారును కలరు.

మన యిండ్లలోని పాత ఇత్తడి పాత్రలపైనను పూర్వుల పేర్లు, ఊరి పేర్లు చెక్కియుండుట కలదు. వానిని మెరుగు పెట్టించుటకు ముందు ఆ అక్షరములను చదివి ఒక కాగితముపై వ్రాసియుంచుట మేలు.