చేతి వణకుకు కొలత

చల్లపల్లి నుండి బందరు చేరి చూచినచో, చేతి నిలుకడయే కూటికి ఆధారమైన కుటుంబములు పెక్కు కానవచ్చును. పెడనలో కలంకారీ అచ్చుకై టేకుచెక్కపై తీగలు చెక్కువాడు, చిలకలపూడిలో బంగారుపూత నగకు రాళ్లు పొదుగువాడు: వీరి చేయి వణకనారంభించిన నాడు ఇంటివారు మొదట వయసు పైబడినదందురు. తరువాత భయపడుదురు.

వణకు లేని చేయి లేదు. ఆరోగ్యవంతుని వ్రేళ్లు సైతము సెకనుకు 8 మొదలు 12 మార్లు అతిసూక్ష్మముగా కదలుచుండును. అది కంటికి అందదు. లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్‌సన్ 1817లో వర్ణించిన వ్యాధిలో వణకు సెకనుకు 4 నుండి 6 మార్లు ఉండును. ముఖ్యముగా చేయి ఒడిలో ఊరకున్నప్పుడు కనబడి, గ్లాసు అందుకొనబోగా తగ్గును. కుటుంబములలో తరచు వంశపారంపర్యముగ వచ్చు మరియొక వణకు దీనికి విరుద్ధము: గ్లాసెత్తినప్పుడే నీరు తొణకును. మొదటిదానికి లెవోడోపా, రెండవదానికి ప్రొప్రనొలాల్ వంటి మందులు వాడుదురు. ఒకదానిని మరొకటిగా భ్రమించినచో రోగికి నెలలు వృథా. దూలగొండి గింజలలోను లెవోడోపా ఉన్న మాట నిజమే; కాని అది ఎంత ఉండునో గింజగింజకు మారును గనుక ఇంటివైద్యము తగదు.

వైద్యుడు కంటితో చూచి 0 నుండి 4 వరకు అంకె వేయుట, కాగితముపై సుడి గీయించుట ఆచారము. ఈ పద్ధతిని మేము తక్కువ చేయము. అయితే ఆ అంకె ఒక మెట్టు దిగుటకు వణకు కొన్ని రెట్లు తగ్గవలసియుండును. స్వల్పమైన మేలు కంటికి దొరకదు; మందు పనిచేయలేదని మానివేయువారు కలరు.

నేడు స్మార్ట్‌ఫోనులోనే కదలికను పట్టు చిన్న సిలికాను పరికరమున్నది. అందులో రేణువంత బరువొకటి వ్రేలాడుచు, చేయి కదలినప్పుడెల్ల జరుగును. ఆ జరుగుట విద్యుత్తు ద్వారా అంకెలుగా మారును. సెకనుకు 100 మార్లు చదివినచో 12 మార్ల వణకు సులభముగా చిక్కును. పిదప, శ్రోతలు రేడియో ముల్లు త్రిప్పి కలగలిసిన తరంగములలో ఒక్క కేంద్రమును ఏరుకొనునట్లే, గణితము చేతి నానా కదలికలనుండి వణకును విడదీసి, దాని వేగమును, విస్తృతిని వేరువేరుగా చెప్పును.

ఇంతైనను వేగమొక్కటే వ్యాధిని తేల్చదు. రెండవ రకపు వణకు సెకనుకు 4 మొదలు 12 మార్ల వరకు ఉండి, మొదటిదానితో కలియును. కాఫీ, కోపము, నిద్రలేమి సైతము అంకెను పెంచును. కావున పరికరమును ప్రతిమారు ఒకే చోట కట్టి, చేయి ఒడిలో నుంచి ఒకసారి, ముందుకు చాచి ఒకసారి, మందుకు ముందును వెనుకను పలుదినములు కొలిచి, ఆ పట్టికను వైద్యునికి చూపవలెను.