పగులు ఉన్న ఫ్లూట్ కొనొచ్చా? ఎక్కడ పగిలిందో చూడండి!

ఈ రోజు టాపిక్ సెకండ్ హ్యాండ్ ఫ్లూట్. "చిన్న డ్యామేజ్ ఉంది, సగం ధరకే ఇచ్చేస్తా" అన్నారనుకోండి, కొనాలా వద్దా? నేను చెప్పేది మన కర్ణాటక సంగీతంలో వాడే వెదురు ఫ్లూట్ గురించి. ఊదడానికి ఒక రంధ్రం, వేళ్లకి ఎనిమిది.

ముందు ఒక మాట. నేర్చుకునే మొదట్లో ఎవరికైనా సౌండ్ సరిగ్గా రాదు. అప్పుడు గాలి లీకయ్యే ఫ్లూట్ చేతిలో ఉంటే, లోపం వెదురులో ఉందా మనలో ఉందా తెలీదు. "నాకు ఊపిరి చాలదు, ఇది నాకు రాదు" అనేసి మూల పడేస్తారు. డబ్బులు పోతే మళ్లీ వస్తాయి. ఆ ఇష్టం పోతే రావడం కష్టం.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి అన్ని బగ్స్ ఒకటి కాదు. ఇక్కడా అంతే.

పైన గీతలు, రంగు పోవడం, దారం ఊడిపోవడం: వీటితో సౌండ్‌కి ఇబ్బంది లేదు. బేరం ఆడటానికి మాత్రం బాగా పనికొస్తాయి.

పొడవునా సన్నటి పగులు: వెదురు బాగా ఎండితే నారల వెంట ఇలా చీలుతుంది. గాలి లీకవుతోందా అని చూడాలి. ఊదే చోట శుభ్రంగా తుడిచి, వేళ్ల రంధ్రాలన్నిటికీ సెల్లో టేప్ అంటించండి. కింది చివర అరచేత్తో మూసి, ఊదే రంధ్రం దగ్గర పెదాలు ఆనించి గాలి లోపలికి పీల్చండి. పెదం అతుక్కుని కాసేపు అలాగే ఉంటే లీక్ లేనట్టు. వెంటనే వదిలేస్తే ఉన్నట్టు. రంధ్రాలకి దూరంగా ఉన్న పగులైతే సూపర్ గ్లూ నింపి, ఆరాక పైన నైలాన్ దారం బిగించి చుట్టొచ్చు.

ఊదే రంధ్రం అంచు విరగడం: ఇది వద్దు. మన గాలి వెళ్లి తగిలేది అవతలి అంచుకే, సౌండ్ పుట్టేది అక్కడే. అది చెడితే బుస్సుమని గాలి చప్పుడే ఎక్కువొస్తుంది. ఇంట్లో బాగుచేసే పని కాదు.

సూదిమొన లాంటి చిల్లులు, తడితే రాలే పొడి: పుచ్చు పట్టింది. ఇదీ వద్దు.

ఇక చివరిది శ్రుతి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి, వాయించడం వచ్చినవాళ్లతో వాయించండి. దూరం నుంచి కొంటుంటే అమ్మేవాళ్లనే వీడియో కాల్‌లో వాయించమనండి. రెండు నిమిషాలు ఊది, వెదురు వెచ్చబడ్డాకే చూడాలి, చల్లగా ఉంటే శ్రుతి తగ్గుతుంది. 5 శ్రుతి, అంటే జీ స్కేల్ ఫ్లూట్ అయితే, మొదటి రెండు రంధ్రాలు మూస్తే స, ట్యూనర్‌లో జీ. ఒకటి మూస్తే రి, అంటే ఏ. అన్నీ తెరిస్తే గ, అంటే బీ. అన్ని స్వరాలూ ఒకేలా కొంచెం తగ్గితే పర్లేదు, తంబురా యాప్‌ని దానికి తగ్గట్టు సెట్ చేసుకోవచ్చు. ఒక్క స్వరం మాత్రమే తప్పితే, రంధ్రం పడాల్సిన చోట పడలేదని అర్థం. ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయండి.

సో, పగులు పొడవు కంటే దాని చోటు ముఖ్యం. ఇవన్నీ చూశాకే రేటు మాట్లాడండి. ఫ్లూట్ కొనబోతున్న ఫ్రెండ్ ఉంటే ఇప్పుడే పంపండి, బై!