బిడ్డను కళాశాలలో చేర్చుటకు ముందు

రోహిణి కార్తెలో దుక్కులు సాగుచుండగనే నరసన్నపేట చుట్టుపట్ల గ్రామములలో మరియొక పనియు మొదలగును. పదవ తరగతి, ఇంటర్మీడియట్ ఫలితములు అప్పటికి వచ్చియుండును. ప్రైవేటు కళాశాలల ఏజెంట్లు రంగుల కరపత్రములు పట్టుకొని ఇండ్ల వెంట తిరుగుదురు. "రెండేండ్ల కోర్సు, నూటికి నూరుపాళ్లు ఉద్యోగము" అని చెప్పుదురు. ధాన్యము అమ్మిన సొమ్ము, లేదా బంగారము కుదువబెట్టి తెచ్చిన సొమ్ము, అరుగు మీదనే చేతులు మారును.

విత్తనము కొనునప్పుడు మన రైతు ఇంత తొందరపడడు. శ్రీకాకుళం సన్నాల బస్తా తెచ్చినను మూతికి నీలిరంగు ట్యాగు కుట్టియున్నదో లేదో చూచును. ట్యాగు ఉన్నను నూరు గింజలు లెక్కపెట్టి, తడి గోనెగుడ్డలో చుట్టి, ఎన్ని మొలచినవో చూచి గాని నారు పోయడు. ధ్రువీకరించిన వరి విత్తనమునకు కనీసము 80 శాతము మొలక ఉండవలెనని నియమము. విత్తనము చెడిన ఒక పంట పోవును. కోర్సు చెడిన బిడ్డ వయస్సులో రెండు మూడేండ్లు పోవును. కనుక ఈ రెండు పరీక్షలను కళాశాలకు కూడ చేయుట మంచిది.

మొదటిది ట్యాగు పరీక్ష. చదువు ముగిసిన పిదప చేతికి వచ్చు పత్రముపై ఎవరి పేరు ఉండునో ముందుగా అడుగుడు. 1956 నాటి విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘపు చట్టము ప్రకారము డిగ్రీ ఇచ్చు అధికారము చట్టబద్ధముగా ఏర్పడిన విశ్వవిద్యాలయములకు, డీమ్డ్ విశ్వవిద్యాలయములకు, పార్లమెంటు అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే కలదు. అనుబంధ కళాశాల పాఠము చెప్పును గాని డిగ్రీ ఇవ్వజాలదు. పేరులో విశ్వవిద్యాలయమని ఉన్నంత మాత్రమునను చాలదు. ఆ సంఘము 2023లో ప్రకటించిన 20 నకిలీ విశ్వవిద్యాలయములలో రెండు మన రాష్ట్రములోనివే. ఒకటి గుంటూరు, రెండవది విశాఖపట్నం. ఛత్తీస్‌గఢ్‌లో 2002 నాటి చట్టము క్రింద నూటికి పైగా ప్రైవేటు విశ్వవిద్యాలయములు పుట్టుకొనిరాగా, సుప్రీంకోర్టు 2005లో ఆ ఏర్పాటును కొట్టివేసినది.

మన వైపు రైతుబిడ్డలు ఎక్కువగా కోరునది వ్యవసాయ డిప్లొమా. దీనిని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము తన సొంత పాలిటెక్నిక్‌లలోను, తాను గుర్తించిన ప్రైవేటు పాలిటెక్నిక్‌లలోను నడుపుచున్నది. ఆ గుర్తింపు ఉన్న డిప్లొమా పొందినవారు అగ్రిసెట్ వ్రాసి బి.యస్సి. అగ్రికల్చరులో చేరవచ్చును. మన జిల్లాలోనే నైరాలో 1989 నుండి వ్యవసాయ కళాశాల ఉన్నది. 2019లో గ్రామ వ్యవసాయ సహాయకుల నియామకములు జరిగినప్పుడు డిప్లొమావారు కూడ అర్హులైరి, అదియు గుర్తింపు ఉన్న సంస్థలలో చదివినవారే. గుర్తింపు లేనిచోట అదే పాఠము రెండేండ్లు చదివినను ఈ రెండు తలుపులును మూసికొనును. ప్రతి సంవత్సరము చేరికల ప్రకటనతో పాటు విశ్వవిద్యాలయము గుర్తింపుగల పాలిటెక్నిక్‌ల జాబితా ఇచ్చును. ఆ యేటి జాబితాలో పేరు ఉండవలెను. గోడకు పటము కట్టిన పాత ఉత్తరువు చాలదు.

ఇందులో ఒక మెలిక కలదు. గుర్తింపు కళాశాల మొత్తమునకు అని చాలమంది అనుకొందురు. ఐ.టి.ఐ.లలో అది ట్రేడు వారీగా, యూనిట్ల లెక్కన వచ్చును. ఎలక్ట్రీషియను ట్రేడుకు అనుమతి ఉండి, ప్రక్క గదిలోని మరియొక ట్రేడుకు లేకపోవచ్చును. బోర్డు మాత్రము రెండింటికి ఒకటే! మీ బిడ్డ చేరు ట్రేడు పేరు, సీట్ల సంఖ్య ఉత్తరువులో చూపుమని అడుగుడు.

ఇక మొలక పరీక్ష. ముందుగా కబురు చేయక, సెలవు కాని దినమున, ఉదయము పదకొండు గంటల వేళ వెళ్లుడు. తరగతిలో ఎందరున్నారో లెక్కింపుడు. వ్యవసాయ డిప్లొమా చెప్పుచోట పొలము ఉన్నదా, అందులో పిల్లలు దిగిన గుర్తులున్నవా చూడుడు. ప్రయోగశాలలోని పరికరముపై వేలు పెట్టి దుమ్ము చూచినను కొంత తెలియును. రెండవ సంవత్సరము పిల్లవానిని ప్రక్కకు పిలిచి, 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని ఎంత అని అడుగుడు. యూరియాలో 46 శాతము నత్రజని, కనుక 20 కిలోల 700 గ్రాములు. తడుముకొనక చెప్పినచో అక్కడ పాఠము జరుగుచున్నట్లే.

"నూటికి తొంబదిమంది ఉత్తీర్ణులు" అన్నప్పుడు ఏ నూరుమందిలో అని అడుగవలెను. పరీక్షకు కూర్చున్నవారిలోనా, మొదట చేరినవారిలోనా? మొలక శాతమును గుడ్డలో చుట్టిన గింజలన్నిటిపై లెక్కింతుము గాని చెడినవాటిని ఏరివేసి లెక్కింపము గదా. ఉద్యోగములు వచ్చినవారి పేర్లు అడిగి, మీ చుట్టుప్రక్కల గ్రామములవారు ఇద్దరు ముగ్గురితో స్వయముగా మాటలాడుడు.

ప్రైవేటుదని, చిన్నదని మాత్రము తీసివేయరాదు. ముప్పదిమంది పిల్లలున్నచోట ఉపాధ్యాయునికి ప్రతి బిడ్డ పేరును తెలియును. ఆడపిల్లను దూరపు హాస్టలుకు పంపలేని తండ్రికి, ఉదయము బస్సులో నరసన్నపేట వెళ్లి సాయంత్రము ఇల్లు చేరు చదువు చిన్న విషయము కాదు. ట్యాగు సరియైనదై, మొలక బాగున్నచో దగ్గరి కళాశాలయే మేలు.

సొమ్ము విషయములో నోటిమాట వద్దు. ట్యూషను, పరీక్ష, హాస్టలు, దుస్తులు అన్నియు కలిపి కోర్సు ముగియువరకు ఎంతయగునో కాగితముపై వ్రాయించుకొనుడు. ఫీజు రీయింబర్సుమెంటు ఆ కోర్సునకు వర్తించునో లేదో కళాశాలవారిని గాక సాంఘిక సంక్షేమ శాఖవారిని అడుగుడు. అసలు సర్టిఫికెట్లు చూపి, నకళ్లు మాత్రమే ఇచ్చి రావలెను. విశ్వవిద్యాలయములు, వాటి అనుబంధ కళాశాలలు అసలు పత్రములను పట్టి ఉంచుకొనరాదని గ్రాంట్ల సంఘము 2018 అక్టోబరులో ఉత్తరువిచ్చినది. చేరికల గడువునకు 15 దినములు ముందుగా మానుకొన్నచో స్వల్ప మినహాయింపుతో ఫీజు మొత్తమును, గడువు దాటిన 30 దినముల లోపల సగమైనను తిరిగి ఇవ్వవలెనని అందులోనే కలదు. తరువాతి కొన్ని సంవత్సరములలో ఈ గడువులను ఇంకను సడలించిరి గనుక ఆ యేటి ఉత్తరువు చూచుకొనుడు. పత్రములు ఇవ్వమని కళాశాలవారు భీష్మించినచో, రసీదు నకలు జతపరచి అనుబంధ విశ్వవిద్యాలయపు రిజిస్ట్రారునకు వ్రాయవలెను. ఆ అర్జీ వ్రాయుటలో గ్రామోద్యోగులు రైతుకు తోడ్పడవచ్చును.