ఇంగ్లీషు స్పెల్లింగుకు లెక్కాపత్రం ఉందా?

తిరువూరు పేరును తెలుగులో తి, రు, వూ, రు అని నాలుగక్షరాలతో రాస్తాం. ఇంగ్లీషులో రాయమంటే మాత్రం చిక్కు వస్తుంది. కొందరు టి-ఐ-ఆర్-యు-వి-యు-ఆర్-యు అని ఎనిమిది అక్షరాలు రాస్తారు. కొందరు మొదటి టి పక్కన ఎచ్ చేర్చి తొమ్మిది చేస్తారు. పాత రాతల్లో చివరి యు ఎగిరిపోయి ఏడే మిగులుతాయి. ఇందులో ఏది తప్పు? ఏదీ కాదు. ఇంగ్లీషులో త, ట లకు వేరువేరు అక్షరాలు లేవు. ఉ, ఊ ల తేడా చూపే దీర్ఘమూ లేదు. ఆ భాషలో అక్షరాలు 26, పలికే ధ్వనులు సుమారు 44. ఉన్న నాలుగు గిన్నెలతోనే పెళ్ళివంట వండాలన్నమాట!

ఇప్పుడు ఒకటో తరగతో రెండో తరగతో చదివే మీ తమ్ముడి సంగతి ఆలోచించండి. ‘బ్యాంకు’ రాయమంటే వాడు బి-వై-ఎ-ఎన్-కె-యు అని రాశాడనుకోండి. మీకు నవ్వు వస్తుంది. ఒక మొట్టికాయ కూడా వేస్తారేమో! కాని వాడు తర్కం ప్రకారమే నడిచాడు. ఆ మాటలోని అచ్చుకు తెలుగులో అక్షరం లేదు. అందుకే మనం య వత్తు పెట్టి సరిపెట్టుకున్నాం. వాడు ఆ య వత్తునూ, మాట చివర మన నాలుక చేర్చే ఉకారాన్నీ శ్రద్ధగా విని, రెండింటికీ అక్షరాలు వేశాడు. విన్నది విన్నట్లు రాయడం తెలుగు నేర్పిన అలవాటు. దాన్ని మొద్దుతనం అంటే పిల్లవాడు పలక పట్టడానికే భయపడతాడు.

2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో చిన్న తరగతులకు ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉన్న పుస్తకాలు వచ్చాయి. పొలం పనికీ, మామిడితోటల పనికీ వెళ్ళివచ్చే ఇళ్ళలో సాయంత్రం ఆ ఇంగ్లీషు పుట చదివి చెప్పగలవారు హైస్కూలు విద్యార్థులైన మీరే కావచ్చు. అందుకే ఈ సంగతులు మీకు చెబుతున్నాం.

ఇంగ్లీషు స్పెల్లింగుకు లెక్కాపత్రం లేదని చాలామంది అంటారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పాల్ హన్నా బృందం ఈ మాటను పరీక్షించింది. ధ్వనికీ అక్షరానికీ మధ్య ఉన్న సూత్రాలను కంప్యూటరుకు ఇచ్చి, సుమారు 17,000 మాటలు రాయించారు. 1966లో ఫలితాలు వెలువడ్డాయి. సగం మాటలను యంత్రం పూర్తిగా సరిగా రాసింది. మరో 37 శాతం మాటల్లో ఒక్కొక్క తప్పే చేసింది. అంటే సూత్రాలు ఉన్నాయి, కాకపోతే అవి తెలుగు సూత్రాలు కావు.

మరి ‘నైట్’లో పలకని జి, ఎచ్ లు ఎందుకు? ఒకప్పుడు వాటిని గొంతులోంచి ‘ఖ్’ లాంటి శబ్దంతో పలికేవారు. జర్మన్లు రాత్రిని ఇప్పటికీ ‘నఖ్ట్’ అంటారు. ‘నేమ్’ అనే మాటను 14వ శతాబ్దంలో ‘నామె’ అని పలికేవారు. కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండులో మొదటి అచ్చుయంత్రం పెట్టాడు. అక్కడినుంచి స్పెల్లింగులు క్రమంగా గట్టిపడ్డాయి. నాలుకలు మాత్రం మారుతూనే పోయాయి. మనమూ ‘వ్రాయు’ను ‘రాయు’ అని పలకడం మొదలుపెట్టాం, కాని మనం రాతను కూడా మార్చుకున్నాం. ఇంగ్లీషువారు మార్చుకోలేదు, అంతే తేడా.

ఆ ‘నామె’లోని చివరి ఇ ఇప్పుడు తాను పలకదు, ముందున్న అచ్చును మాత్రం మారుస్తుంది. కొళాయికి బిగించే ట్యాప్ (టి-ఎ-పి) చివర ఇ చేర్చండి. కొలిచే టేప్ అవుతుంది. పిన్ చివర చేర్చితే పైన్. గేటు, ప్లేటు, రేటు, బైకు, టైము, పైపు - ఇవన్నీ మీ తమ్ముడు రోజూ అనే మాటలే. అన్నీ ఈ కుటుంబానివే. లైటు, నైటు, టైటు, రైటు మరో కుటుంబం. వాటన్నిటికీ ఐ-జి-ఎచ్-టి తోక ఉంటుంది. కాని ‘కైటు’ మాత్రం మొదటి కుటుంబంలోకి పోతుంది, జాగ్రత్త!

మన తెలుగు నాలుకే ఒక సూత్రాన్ని పట్టి ఇస్తుంది. ట్రక్కు, కిక్కు, చెక్కు అంటాం, క కు ద్విత్వం పలుకుతాం. కేకు, బైకు అన్నప్పుడు ద్విత్వం లేదు. ద్విత్వం వినబడిన చోట సాధారణంగా సి-కె, వినబడని చోట కె-ఇ. బుక్కు, కుక్కు మాత్రం లొంగవు. వాటిలో రెండు ఓ లు ఉన్నాయి, తరువాత ఒక్క కె చాలు.

ఇక అభ్యాసం. మొదట చింతపిక్కలు తీసుకోండి. మాటను మెల్లగా పలికి, ధ్వనికొక పిక్క చొప్పున ముందుకు జరపమనండి. ‘షిప్’కు మూడే పిక్కలు. తరువాత ఏ పిక్క దగ్గర ఏ అక్షరం రాయాలో అడగండి. మొదటి పిక్కకు ఎస్, ఎచ్ అని రెండు అక్షరాలు కావాలని వాడికే తెలుస్తుంది. ఈ పద్ధతికి రూపమిచ్చినవాడు సోవియట్ మనస్తత్వవేత్త ఎల్కోనిన్. ఆయన బిళ్ళలు వాడాడు. మనకు పిక్కలు చాలు.

ఒక మాటను పదిసార్లు రాయించకండి. మూడోసారికి చెయ్యి రాస్తూ ఉంటుంది, మనసు గోళీలాటలో ఉంటుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు కళాశాల విద్యార్థుల చేత ఒక పాఠం చదివించారు. కొందరు దాన్నే నాలుగుసార్లు చదివారు. కొందరు ఒకసారి చదివి, మూడుసార్లు చూడకుండా జ్ఞాపకం చేసుకుని రాశారు. వారం తరువాత మొదటివారికి 40 శాతం, రెండవవారికి 61 శాతం గుర్తుంది. అది పెద్దవాళ్ళ పాఠమే అయినా, చూడకుండా గుర్తు తెచ్చుకుంటేనే జ్ఞాపకం గట్టిపడుతుందన్న సంగతి మనకూ పనికివస్తుంది. కనుక మాటను చూపండి, మూసేయండి, రాయించండి, వాడి చేతనే సరిచూపించండి. రోజుకు ఒక కుటుంబం నుంచి నాలుగైదు మాటలు, పది నిమిషాలు. మర్నాడు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి అవే మాటలు అడగండి. రెండు కుటుంబాలు వచ్చాక కలిపి అడగండి. అసలు పరీక్ష అప్పుడే.

‘సెడ్’, ‘వన్’, ‘టూ’ వంటి మొండి మాటలకు పాత క్యాలెండరు వెనుక వేరే పట్టిక రాసి గోడకు తగిలించండి. అందులో వారానికి రెండు మించవద్దు.

ఆదివారం నాడు సుద్దముక్క వాడికే ఇవ్వండి. వాడు చెప్పిన మాటలు మీరు రాయాలి. ఒకటి రెండు చోట్ల కావాలనే తప్పు రాయండి, మరీ తేలికగా దొరికేలా మాత్రం కాదు. వాడు తప్పు పట్టుకుంటే ఊరుకోకండి, “ఎందుకు తప్పు?” అని అడగండి. “ట్రక్కు అన్నాం కదక్కా, సి కూడా ఉండాలి” అన్నాడంటే, మరుసటి వారం కొత్త కుటుంబం మొదలుపెట్టవచ్చు.