కార్డు పోయిందా, కేబుల్ తెగిందా?

గల్ఫ్‌లో సైటు ఆఫీసంటే ఓ పోర్టా క్యాబిన్, అందులో దుమ్ము పట్టిన ఓ కంప్యూటర్. మా మేస్త్రీల, హెల్పర్ల ఓవర్‌టైం గంటలన్నీ నెలనెలా హెడ్డాఫీసుకు వెళ్లేది దాన్నుంచే. గడువు దాటితే ఆ డబ్బు వచ్చే నెల జీతంలోనే. ఊళ్లో చిట్టీ వాయిదాలు, పిల్లల ఫీజులు అంతదాకా ఆగుతాయా? అందుకే నెట్ పోతే 'ఐటీ వాళ్లొచ్చి చూస్తార్లే' అని మేం కూర్చోం. వాళ్లు సిటీ నుంచి రావడానికే మూడు రోజులు.

ముందు పెట్టె వెనకాల చూస్తాం. కేబుల్ గుచ్చిన చోట చిన్న లైటు వెలగకపోతే కేబుల్, స్విచ్, కార్డు... వీటిలో ఏదో తేడా. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి అదే కేబుల్ పెడతాం. నెట్ వచ్చిందా, ఇక అనుమానం పెట్టె మీదే. రాలేదా, కేబుల్ మారుస్తాం. మా దగ్గర ఎక్కువసార్లు దొరికే దొంగ కేబులే! ట్రాలీ చక్రం ఎక్కిందో, తలుపు కింద నలిగిందో. రాగి కేబుల్ స్విచ్ నుంచి 100 మీటర్లు దాటకూడదన్నది సైట్లలో ఎవరికి పడుతుంది?

లైటున్నా నెట్ లేకపోతే, విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'ఐపీకాన్ఫిగ్' కొడతాం. అడ్రసు 169.254తో మొదలైతే, నెట్‌వర్క్ నుంచి అడ్రసు అందక కంప్యూటరే సొంతంగా ఒకటి పెట్టుకుందని అర్థం. 127.0.0.1కు పింగ్ కొట్టి, జవాబొస్తే కార్డు బాగున్నట్టేనని చాలామంది అనుకుంటారు. కాదండీ. ఆ పింగ్ కార్డు దాకా వెళ్లనే వెళ్లదు, లోపలి సాఫ్ట్‌వేర్‌లోనే తిరిగొస్తుంది. కార్డు పీకేసినా జవాబిస్తుంది! అసలు పరీక్ష గేట్‌వే అడ్రసుకు పింగ్ కొట్టడం. ఆ అడ్రసూ ఐపీకాన్ఫిగ్‌లోనే ఉంటుంది. చివర అడ్డగీత, టీ అక్షరం చేరిస్తే మనం ఆపేదాకా పింగ్ నడుస్తూనే ఉంటుంది. అప్పుడు కేబుల్ మూతిని మెల్లగా కదిపి చూడండి. జవాబులు తెగితే తెరమీదే కనిపిస్తుంది.

కొన్ని ఇంటెల్ కార్డులకు, కంపెనీ సాఫ్ట్‌వేర్ వేసి ఉంటే, సొంత డయాగ్నస్టిక్స్ ఉంటాయి. హార్డ్‌వేర్ పరీక్ష నడిచేటప్పుడు కనెక్షన్ కాసేపు తెగుతుంది. టైంషీట్లు వెళ్తుండగా మాత్రం దాన్ని నొక్కకండి.

ఇదంతా చూశాకే ఫోన్ చేస్తాం. 'నెట్ రావట్లేదు సార్' అంటే కంప్లయింట్ నంబరిచ్చి పెట్టేస్తారు. 'లైటు లేదు, అదే కేబుల్ ల్యాప్‌టాప్‌కు పనిచేస్తోంది' అంటే కొత్త కార్డు పట్టుకునే బయల్దేరతారు.