తెల్లపూల బోరేజ్: పేరు ఒకటే, మొక్క వేరు

ఖాతా తెరిచేటప్పుడు పేరు కలిస్తే చాలదు, కేవైసీ చూడాలి. మొక్కల విషయంలోనూ అంతే. మనం బజ్జీలు వేసుకునే, దగ్గుకు కషాయం కాచే వామాకును ఇంగ్లీషులో ‘ఇండియన్ బోరేజ్’ అంటారు. అది తులసి, పుదీనా కుటుంబానిది. అసలు బోరేజ్ మధ్యధరా ప్రాంతపు మొక్క. రెండింటికీ చుట్టరికం లేదు.

గుర్తుపట్టడం తేలికే. వామాకు దళసరిగా ఉంటుంది, నలిపితే వాము వాసన వస్తుంది. బోరేజ్ ఆకు ముడతలుగా, గరుకు నూగుతో ఉంటుంది, నలిపితే కీరదోస వాసన. పూలు ఐదు రేకుల నక్షత్రాలు. మామూలుగా నీలం రంగు, ‘ఆల్బా’ రకంలో తెలుపు.

వామాకుకు కొమ్మ గుచ్చితే చాలు. బోరేజ్‌కు విత్తనమే దారి. ఇది ఏకవార్షికం, ఎండలకు తాళలేదు. కాబట్టి మన మైదానాల్లో అక్టోబరు చివర, నవంబరులో విత్తుకోవాలి. తల్లివేరు లోతుగా దిగుతుంది, నారు పీకి నాటితే సరిగా కుదురుకోదు. కనీసం అడుగు లోతున్న కుండీలోనే నేరుగా అర అంగుళం లోతున విత్తి, మట్టి కప్పండి. వారం, పది రోజుల్లో మొలుస్తుంది. ఎండ బాగా తగలాలి, నీరు నిలవకూడదు. ఎరువు ఎక్కువైతే ఆకే పెరుగుతుంది, పూలు తగ్గుతాయి. రెండు, మూడడుగుల ఎత్తు పెరిగే బోలు కాండానికి ఊతకర్ర కట్టండి. నూగు గుచ్చుకుంటుంది, చేతికి తొడుగు మంచిది. తెల్లపూల విత్తనం దాచుకోవాలంటే దగ్గర్లో నీలిపూల మొక్క ఉండకూడదు.

లాభమేమిటంటారా? తేనెటీగలు ఈ పూలను వెతుక్కుంటూ వస్తాయి. పక్కనే దోస, గుమ్మడి పాదులుంటే వాటికీ పరాగసంపర్కం జరుగుతుంది.

ఇక అసలు జాగ్రత్త. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ పచ్చ సాస్‌లో వేసే 7 ఆకుల్లో బోరేజ్ ఒకటి. అయితే ఈ ఆకులో కాలేయానికి హాని చేసే పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు కొద్ది మోతాదులో ఉంటాయి. అందుకే రోజూ తినే ఆకుకూర కాదిది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, కాలేయ సమస్య ఉన్నవారు అసలు తీసుకోకూడదు. ప్యాకెట్ మీద ‘బోరేజ్’ అని చూసి, వామాకే కదా అని పసివాడి దగ్గుకు కషాయం కాస్తే పొరపాటు చిన్నది కాదు.

ఇంట్లో రెండూ పెంచుతుంటే కుండీలకు పేర్లు రాసి పెట్టండి. మీరు ఊళ్లో లేనప్పుడు ఆకు కోసేది అమ్మమ్మో, పనిమనిషో కావచ్చు.