వాళ్లకు ఒకరికొకరు తెలుసా?

వరుసగా ఆడవాళ్లు హత్యకు గురైనప్పుడు మనం ముందు అడిగేది "ఎవడు వాడు?" అని. చనిపోయినవాళ్లు ఎవరు, ఒకరినొకరు ఎరుగుదురా అని అడిగేవాళ్లు తక్కువ. నాకు మాత్రం ఆ రెండో ప్రశ్నే పెద్దదనిపిస్తుంది.

1888లో లండన్ వైట్‌చాపెల్ ప్రాంతంలో ఆగస్టు 31కీ నవంబరు 9కీ మధ్య అయిదుగురు స్త్రీలను చంపేశారు. హంతకుడికి జాక్ ది రిప్పర్ అని పేరైతే వచ్చింది గానీ మనిషి ఈనాటికీ తేలలేదు. చనిపోయినవాళ్లలో ముగ్గురు ఒకే వీధిలోని చవక బసల్లో తలదాచుకున్నవాళ్లు. మిగిలిన ఇద్దరి బసలూ ఆ దగ్గర్లోనే, డోర్సెట్ వీధిలో. అయినా వాళ్లకు పరిచయం ఉందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. చేతిలో నాలుగు పెన్నీలుంటే ఆ రాత్రికి మంచం, లేకపోతే వీధి. రేపు ఎక్కడుంటారో తెలియనివాళ్లకు ఇరుగుపొరుగు ఎక్కడిది?

మన దగ్గర జరగలేదా?

లండన్ దాకా ఎందుకు? 2021 జనవరిలో హైదరాబాదు పోలీసులు మైన రాములు అనే రాళ్లు కొట్టే కూలీని అరెస్టు చేశారు. పోలీసుల లెక్కలో 2003 నుంచి 18 మంది ఆడవాళ్ల హత్యలు. కల్లు కాంపౌండుకి ఒంటరిగా వచ్చినామెతో మాట కలపడం, ఊరి బయటకు తీసుకుపోవడం, చంపి ఒంటిమీది నగలు తీసుకోవడం. 2011లో యావజ్జీవ శిక్ష పడితే ఆ డిసెంబరులోనే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం నుంచి పారిపోయాడు. 2013లో మళ్లీ దొరికాడు, 2018లో బయటికొచ్చాడు. ఇదే తీరు హత్యలతో 2019 డిసెంబరులో మహబూబ్‌నగర్‌లో ఇంకొకడు పట్టుబడ్డాడు.

తూప్రాన్, నర్సాపూర్, సంగారెడ్డి, బోయిన్‌పల్లి, శామీర్‌పేట... ఒక్కో హత్య ఒక్కో ఠాణా పరిధిలో. ఒకామె ఇంటివాళ్ల ఏడుపు ఇంకొకామె ఇంటివాళ్లకు వినపడే దారే లేదు. చివరి కేసులో భార్య కనిపించడం లేదని భర్త ఫిర్యాదు ఇచ్చాడు. ఘట్‌కేసర్ దగ్గర దొరికిన శవానికి అలా ఒక పేరంటూ వచ్చింది.

"కల్లు తాగబోయే ఆడదానికి అంతేలే" అనేవాళ్లు మనలోనే ఉన్నారు. పొద్దంతా కూలి చేసి ఒళ్లు నొప్పులకు ఓ సీసా తాగితే ప్రాణం తీసెయ్యొచ్చా? హంతకుడు వెతుక్కునేది తాగేదాన్ని కాదమ్మా, రాకపోతే ఎవరూ అడగనిదాన్ని.

మా చేజర్లలో ఒక మనిషి రెండ్రోజులు కనపడకపోతే ఎదురింటామె "ఏందక్కా, కనపళ్లా?" అంటూ వాకిట్లోకి వస్తుంది. ఒక్కోసారి విసుగ్గా కూడా ఉంటుంది. కానీ ఆ ఆరానే కాపలా. మా జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్లు సారా అంగడి మూయించగలిగారంటే, రాత్రిబడిలో పక్కపక్కన కూర్చుని ఒకరి కష్టం ఒకరు తెలుసుకోబట్టే. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

పనికోసం పట్నం పోయిన మన ఆడవాళ్లకు ఆ ఎదురింటామె ఉండదు. అందుకే పనిచోట పక్కనుండే మనిషి పేరు, ఊరు, ఇంటివాళ్ల ఫోను నంబరు అడిగి పెట్టుకోండి. ఆమె రాకపోతే ఆరా తీయండి. నేరం జరిగిందని అనుమానమైతే "మా పరిధి కాదు" అన్న మాటకు వెనక్కి తిరగొద్దు. 2024 జులై 1న అమల్లోకొచ్చిన కొత్త చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆ ఫిర్యాదు రాయించడానికి ఆమె మనకు చుట్టం కానక్కర్లేదు, తెలిసిన మనిషైతే చాలు.